మా చిట్టి కట్టిన జంట

చిట్టీ, పలకవని తెలిసినా నోరు ఊరుకోవడంలా తల్లీ.

మా అమ్మాయి పోయిన నెల నరసరావుపేట ఆసుపత్రిలో గుండె జబ్బుతో పోయింది. నేను చదివింది తక్కువ, తప్పులుంటే సర్దుకోండి. నా కూతురు ఎట్టాంటిదో నలుగురికీ చెప్పుకుందామని రాస్తున్నా.

చిలకలూరిపేట దారం మిల్లులో పనిచేసేది. ఆదివారం ఇంటికొస్తే చెప్పులు విడవకముందే "అమ్మా, పచ్చీసు గుడ్డ తియ్యి" అనేది. గవ్వలేసి కాయలు నడిపే ఆట అది. మా ఊరి లెక్కలో ఒకే గడిలో రెండు కాయలు జంటగా కూర్చుంటే అవతలోళ్ళు దాటకూడదు. జంట కట్టడం అందరికీ వచ్చు. ఎప్పుడు కట్టాలో మా చిట్టికే తెలుసు.

"అవతల కాయ మన వెనక ఉన్నప్పుడే కట్టాలమ్మా. దాటిపోయినాక కడితే ఎవరికోసం? నడుపుకోటానికి మనకి ఇంకో కాయ కూడా ఉండాల. లేకపోతే మన జంట మనమే విప్పుకోవాల" అనేది.

మా వదిన పోయినాక మా అన్న అన్నం మానేశాడు. టీ, బన్ను, అంతే. పిలిస్తే ఆకల్లేదంటాడు. మనిషి సగమయ్యాడు. ఆటలో మాత్రం ఆయన్ని ఓడించినోళ్ళు లేరు. ఒక ఆదివారం చిట్టి మా అరుగు మీద గుడ్డ పరిచింది.

"మామయ్యా, నేను గెలిస్తే రోజూ మా ఇంట్లోనే అన్నం."

"నే గెలిస్తే?"

"ఇంక తినమని నిన్ను అడగను."

"అదేం పందెమే!" అన్నా నేను.

మా అన్నకి మూడు కాయలు ఇల్లు చేరి పండినయ్, ఒక్కటే మిగిలింది. చిట్టికి పండింది ఒక్కటే. మా అన్న కాయకి ముందు చిట్టి ఎర్రకాయలు రెండు, వెనక ఒకటి. "ముందుకాయ పండించుకోవే!" అని అరుగు మీదోళ్ళంతా అరిచారు. నేనూ అరిచా. వింటేగా! ముందరి రెంటినీ ఒకే గడిలో చేర్చింది.

"ఏమే కోడలా, నిద్రపోతున్నావా?" అని మా అన్న నవ్వి గవ్వలేశాడు. దాటలేడు. మళ్ళీ వేశాడు. దాటలేడు. చిట్టి వెనక కాయని నింపాదిగా నడుపుకుంటా వచ్చి ఆయన కాయని చంపింది. ఆట తిరగబడి చిట్టే గెలిచింది. ఆ పూట మా అన్న గోంగూర పప్పు మారు వడ్డించుకున్నాడు. ఈరోజు ఆయన నిలబడి తిరుగుతున్నాడంటే అది నా కూతురి చలవే.

చిట్టి పోయినాక నాకు ముద్ద దిగలా. పెద్దకర్మ అయిన మర్నాడు మా అన్న కంచంలో అన్నం కలుపుకొచ్చాడు. పచ్చీసు గుడ్డ నా ముందు పరిచి, చిట్టి ఎర్రకాయలు రెండు ఒకే గడిలో జంటగా పెట్టాడు.

"నీ కూతురు కట్టిందమ్మాయ్. నన్నే దాటనీలా, నువ్వెట్టా దాటుతావ్? తిను."

తిన్నా.

ఆ గుడ్డ ఇంకా మడవలా. దాని చుట్టూనే ఊడుస్తున్నా. ఎర్రకాయలు రెండూ ఆనుకుని అట్నే ఉన్నయ్. మీరూ వేళకు కడుపునిండా అన్నం తినండి.