తట్టితే వదలాల

మా డ్రిల్ టీచరమ్మ పోయారన్న కబురు నాకు బంగారపేట దాటాక, బెంగళూరు రైల్లో అందింది. ఆమె తమ్ముడి కోడలు ఫోన్ చేసి, "అక్కా, టీచరమ్మ పోయినారక్కా, తెల్లారేసరికే అంతా అయిపోయింది" అంది. నిలబడటానికే చోటు లేని పెట్టెలో, పక్కావిడ బ్యాగు డొక్కలో గుచ్చుకుంటుండగా ఏడ్చాను. మాలూరులో దిగి, వెనక్కి వచ్చే రైలు కోసం బెంచీ మీద కూర్చున్నాను. ముందు రోజు సాయంత్రమే ఆసుపత్రిలో ఆమెను చూసి వచ్చాను. ఆ సాయంత్రం సంగతి చివర్లో చెబుతాను. ఇప్పుడే చెప్పే ధైర్యం నాకు లేదు.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి రోజుల్లో, కోరమండల్ గని కాలనీలో మా బడికి ఆమె డ్రిల్ టీచరు. ఒక వేసవి సెలవుల్లో ఎక్కడో శిబిరానికి వెళ్లి జూడో నేర్చుకొని వచ్చి, ఆడపిల్లలకు నేర్పుతానన్నారు. గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న, "ఆడపిల్లలకి కుస్తీ ఏందమ్మా, రేపు పెళ్లికి ఎవురొస్తారు?" అని అడిగాడు.

"కుస్తీ కాదప్పా, పడేది నేర్పిస్తాను. పడేది తెలిస్తే పెళ్లయినాక కూడా పనికొస్తుంది" అన్నారామె.

నాన్నకు నవ్వాగలేదు. అలా నేను చేరిపోయాను.

చాపలు మేమే కుట్టుకున్నాం. గనిలోకి గాలి పంపే గొట్టాల పాత కాన్వాసు తెచ్చి, లోపల రాగిగడ్డి కూరి, గోనె దారంతో కుట్టాం. మొదటి నెలలన్నీ వాటి మీద పడటమే పని. పడేటప్పుడు చెయ్యి చాచి అరచేత్తో చాపను గట్టిగా కొట్టాలి, లేదంటే నడుం విరుగుతుంది. ఆ తర్వాత పట్లు. పట్టులో ఊపిరాడకపోతే, నొప్పి తాళలేకపోతే, ఎదుటి మనిషి ఒంటి మీద రెండు సార్లు తట్టాలి. తట్టగానే వదిలేయాలి. ఆలోచించకూడదు, టీచరమ్మ వైపు చూడకూడదు, ఇంకాస్త అనుకోకూడదు. మాలో అందరికన్నా బలమైన పిల్ల ఒకతె ఒకసారి కాస్త ఆలస్యంగా వదిలిందని, టీచరమ్మ దాన్ని చాలా రోజులు చాప తొక్కనివ్వలేదు.

"గెలిచినాను కదా టీచరమ్మా!" అని ఆ పిల్ల ఏడ్చింది.

"గెలిచేది అది తట్టినప్పుడే అయిపోయింది. ఆ తర్వాత నువ్వు చేసింది వేరే పని" అన్నారు.

గనులు మూతపడ్డాయి. బడిలో పిల్లలు పలచబడ్డారు, మేము పడి లేచిన హాలుకు తాళం పడింది. టీచరమ్మ చాపలను తన ఇంటి అటక మీదకు ఎక్కించేశారు.

ఈ ఏడు మా అమ్మాయి బెంగళూరు కాలేజీలో చేరబోతోంది. రోజూ ఇదే రైలు. ఈ రద్దీలో ఆడపిల్ల ఒంటి మీద ఎన్ని చేతులు పడతాయో పనికి రోజూ ఎక్కేదాన్ని, నాకు ఒకరు చెప్పాలా? కాలేజీ తెరిచేలోపు దానికి ఏదో ఒకటి నేర్పించాలని నా తాపత్రయం. కరాటేనా, తైక్వాండోనా, కుంగ్‌ఫూనా అని తల బద్దలు కొట్టుకొని టీచరమ్మ దగ్గరికి వెళ్లాను.

"ఏదైతే ఏమ్మా! పేరు చూసేది కాదు, పద, పోయి మనుషుల్ని చూస్తాము" అని చెప్పులేసుకున్నారు.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక చోట గోడ నిండా కప్పులు, షీల్డులు. నాకు అక్కడే నచ్చేసింది. ఆమె వాటి వైపు చూడనేలేదు. తలుపు పక్కన కుర్చీ వేసుకొని, అందరికన్నా బక్కగా ఉన్న ఒక పిల్లను చూస్తూ కూర్చున్నారు. ఒక పెద్ద కుర్రాడు ఆ పిల్లను కిందపడేసి చెయ్యి మెలిపెట్టాడు. పిల్ల నేల మీద టపటపా తట్టింది. వాడు తలెత్తి మాస్టరు వైపు చూశాడు. మాస్టరు తలూపాక వదిలాడు. టీచరమ్మ లేచి నిలబడ్డారు.

"యాడికి టీచరమ్మా, ఇంగా క్లాసు అయిపోలేదే?"

"నాకు అయిపోయింది, పదమ్మా."

రోడ్డు మీదకు వచ్చాక చెప్పారు. "ఆ పిల్ల తట్టితే వాడు వదల్లేదు, సారు చెప్తే వదిలినాడు. సారు లేని చోట ఏం చేస్తాడు వాడు?"

ఇంకో చోట పిల్లలంతా అద్దం ముందు గాల్లోకి తన్నుతున్నారు. రంగురంగుల బెల్టులు, చూడ ముచ్చటగా ఉన్నారు. "సార్, పడేది ఎప్పుడు నేర్పిస్తారు?" అని ఆమె మర్యాదగానే అడిగారు. "మా పిల్లలు పడరు మేడమ్" అని మాస్టరు నవ్వాడు. బయటికొచ్చి, "పాపం పిల్లోళ్లు" అని ఊరుకున్నారు. మూడో చోట తలుపు వేసేసి, పెద్దవాళ్లు లోపలికి రాకూడదన్నారు. గడప దగ్గర నుంచే వెనక్కి వచ్చాం.

"ఇంగ నేనే నేర్పిస్తాను. చాపలు దించమ్మా."

డెబ్బై దాటిన మనిషి! చాపలను సగం ఎలుకలు కొట్టేశాయి, రాగిగడ్డి పొడిపొడి అయిపోయింది. ఎండబెట్టి, మళ్లీ కుట్టి, ఆమె ఇంటి ముందే పరిచాం. మా అమ్మాయి పడటం నేర్చుకుంది, తట్టడం నేర్చుకుంది. ఒకరోజు పడి లేచి, ఒళ్లు దులుపుకుంటూ అడిగింది.

"టీచరమ్మా, రైల్లో ఎవుడన్నా పట్టుకుంటే, తట్టితే వదుల్తాడా?"

టీచరమ్మ వంగి చాప అంచు సర్దారు.

"వదల్డమ్మా" అన్నారు. "వదిలేవాళ్లు ఎట్లుంటారో ఒక చోటన్నా చూసుంటేనే, వదలనోణ్ణి ముందరే కనిపెట్టేది. ఇంగ వాణ్ణి పడేసేది వచ్చే వారం నేర్పిస్తాను."

ఆ వారం రాలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆసుపత్రిలో పెట్టారు.

ఇవి నేర్పే చోట తలుపు దగ్గర కూర్చుని ఏం చూడాలో నాకిప్పుడు బాగా తెలుసు. తెలిసి ఏం లాభం? చూసినవాటిలో పిల్లను చేర్చదగ్గది ఒక్కటీ లేదు. కాలేజీ తెరుస్తారు, రైలు వస్తుంది, నా కూతురు ఎక్కుతుంది. దానికి పడటం వచ్చు, తట్టడం వచ్చు. ఆ పెట్టెలో ఆ రెండూ ఎందుకు పనికొస్తాయో చెప్పడానికి ఆమె లేరు.

ఇక ఆ సాయంత్రం. ముక్కూ నోరూ కప్పేసిన ఆక్సిజన్ మాస్కు, మాట లేదు. నేను ఆమె చెయ్యి నా రెండు చేతుల్లో పట్టుకొని ఏదేదో వాగుతున్నాను. "మీరు లేచి రావాల టీచరమ్మా, పిల్లకి పడేసేది ఎవురు నేర్పిస్తారు?" అంటూ ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమె వేళ్లు నా మణికట్టు మీద కదిలాయి. తట్టాయి. మళ్లీ తట్టాయి.

నా చేతులు వదిలేశాయి. ఆలోచించలేదు, ఎవరి వైపూ చూడలేదు, ఇంకాస్త అనుకోలేదు. అచ్చం ఆమె నేర్పినట్టే. ఇంకాస్త అనుకొని ఉండాల్సింది, అయ్యో, ఒక్కసారికి అనుకొని ఉండాల్సింది. ఆమె చెయ్యి నా చేతుల్లోంచి జారి పక్క మీద వాలింది, అరచెయ్యి కిందికి, వేళ్లు చాపి, చాప మీద పడినప్పుడు మాకు పెట్టమని చెప్పినట్టే.