దొర వాకిట్లో బుచ్చమ్మ చెప్పులు

ఖాజాగూడలో బుచ్చమ్మ నోటికి జడవనివాడు ఒక్కడే, రామ్మోహనరావు దొర. ఆయన వాకిలి దాటాలంటే కూలిజనం చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. పంతొమ్మిదివందల డెబ్బైలు వచ్చాయి, ఊరికి కరెంటు వచ్చింది, ఈ దిక్కుమాలిన ఆచారం మాత్రం చావలేదు.

ఆ ఎండాకాలం అట్లా దాటుతుంటేనే బుచ్చమ్మ పాదంలో తుమ్మముల్లు దిగింది. ఆమెకు తెలియనే లేదు. షుగరు జబ్బు అప్పటికే అరికాళ్లలో స్పర్శను తినేసింది. చీముపట్టి వాసనొచ్చాక పట్నం దవాఖానకు పోతే చిటికెన వేలు తీసేశారు. మెత్తటి రబ్బరు అట్టతో, వేళ్లకు ఇరుకు లేకుండా, వెనక పట్టీతో చెప్పులు కుట్టించి ఇచ్చారు.

"రోజూ అరికాళ్లు చూసుకోవాలమ్మా. వట్టికాళ్లతో తిరిగావంటే ఈసారి పాదమే పోతుంది" అంది డాక్టరమ్మ.

బుచ్చమ్మ ఏడవలేదు, పళ్లు కొరికింది. "వాని వాకిట్లనే పోయింది నా వేలు. వానితోని జోళ్లు ఇడిపియ్యకుంటే నా పేరు బుచ్చమ్మే కాదు!"

ఊరికి వచ్చిన రోజే ఆ చెప్పులతోనే దొర వాకిటికి బయల్దేరింది. అరుగు మీద దొర, కింద పంచాయితీకి వచ్చిన జనం.

"ఏందే, కండ్లు నెత్తికెక్కినయా? చెప్పులు ఇడువ్!" అంటూ దొర మెట్లు దిగాడు. కాళ్లకు కొత్త తోలు జోళ్లు, పాదం పట్టనంత ఇరుకు. దిగిన ప్రతి మెట్టు మీదా నెత్తుటి మరక. మొహంలో మాత్రం నొప్పి జాడ లేదు.

బుచ్చమ్మ ఆ మరకల మీదే చూపు నిలిపింది. ఆ మరక సంగతి ఆమెకు తెలుసు. నోరు మూసుకుని పోతే చాలు, ఆ కాలు దానంతటదే కుళ్లుతుంది. ఆ ఊహ ఆమెకు ఎంతో హాయిగా ఉంది. కానీ ఒట్టు ఒట్టే.

"ఇడువ. నువ్వే ఇడువు దొరా, నీ జోళ్లు. అందరి ముంగట ఇడువు!"

"ఏం కూశినవే?"

"ఎనకకు మళ్లి మెట్లు జూడు. ఆ నెత్తురు నీదే."

దొర చూశాడు. వంగి జోళ్లు లాగాడు. మడమ మీద అణా బిళ్లంత పచ్చిపుండు. "నొప్పి లేదే!" అన్నాడు, మొహం పాలిపోయి.

"నాకు గూడ లేకుండె. గందుకే వేలు పోయింది."

జనం నోళ్లు తెరిచి చూస్తున్నారు. రెండు జోళ్లూ చేత పట్టుకుని, వట్టికాళ్లతో నిలబడ్డాడు దొర. "ఏ దవాఖాన, బుచ్చమ్మా?" అన్నాడు మెల్లగా.

బుచ్చమ్మ కడుపు చల్లబడింది. "రేపు పొద్దుగాల కట్టు మార్పిచ్చుకోను పట్నం పోతున్న. రావాల్నంటే నా ఎనక రా" అని, చెప్పులు విడవకుండానే వాకిలి దాటింది.