గీకిన స్వరం

మా మనవరాలు నోటుపుస్తకంలో తప్పును బ్లేడుతో గీకుతోంది. ఆ గరగర చప్పుడుకు నా ఒళ్లు జలదరించింది. "ఆపవే తల్లీ!" అని కసురుకున్నాను. పాపం, దానికేం తెలుసు ఎస్తేరు టీచరమ్మ సంగతి!

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను హిందూపురంలో ఒక మిషన్ బడిలో కుట్టుపని నేర్పడానికి చేరాను. ఎస్తేరు టీచరమ్మ అక్కడ పియానో నేర్పేది. బక్కపలచటి మనిషి, మాట మాత్రం కటువు. నాకు సంగీతం ఒక్క ముక్క రాదు. అయినా తన పనికి నన్నే పిలిచింది. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. చీర అంచు బొమ్మను గళ్ల కాగితం మీద గీసుకుని, ఒకరు చుక్కలు చదువుతుంటే ఇంకొకరు దారాలు కట్టేవాళ్లు. మా ఇంట్లో చదివే పని నాది. కాగితం మీద ఉన్నదే చెప్పాలి, ఉండాల్సింది చెప్పకూడదు. అది మా నాయన పెట్టిన కట్టడి.

"నీకు సంగీతం రాదు గాబట్టే నువ్వు కావాల పిల్లా. వచ్చినోళ్లు కండ్లతో చదవరు, చెవులతో చదువుతారు" అంది టీచరమ్మ.

ఆమె బాధ ఇదీ. చిన్నప్పుడు ఆమెకు పియానో నేర్పింది పెనుకొండ బంగళాలో ఉండిన ముసలి దొరసాని. ఒక జర్మనీ పాటలో ఒకచోట చేతులెత్తి, నాలుగు లెక్కలు ఊరుకోమని నేర్పింది. బెంగుళూరు పరీక్షలో టీచరమ్మ అలాగే వాయిస్తే, అచ్చు పుస్తకంలో అక్కడ స్వరం ఉందని ఫెయిలు చేశారు. నేర్పినామెకు మతి పోయిందని నవ్వారట కూడా. దొరసాని పోయాక ఆమె పెట్టెలో ఆ పాట చేతిరాత ప్రతి దొరికింది. పాట కట్టినాయన సొంత రాతను చూసి దొరసాని తాత ఎత్తి రాసుకున్నది. దాన్ని తొలినాటి అచ్చుతో పోల్చి, దొరసాని మాట నిలబెట్టాలని టీచరమ్మ పంతం.

మధ్యాహ్నాలు నేను చేతిరాత చదివేదాన్ని: "మూడో గీత మీద నల్ల చుక్క. దాని కింద తెల్ల చుక్క." ఆమె అచ్చు ప్రతి మీద సూది మొన పెట్టి సరిచూసేది. పని కాగానే చేతిరాతను పెట్టెలో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకునేది.

రెండు వారాలకు ఆ చోటికి వచ్చాం. చేతిరాతలో ఖాళీ!

"ఈడేమీ లేదు టీచరమ్మా!" అని అరిచాను.

ఆమె కళ్ల నిండా నీళ్లు. పియానో ముందు కూర్చుని పాటంతా వాయించి, ఆ చోట చేతులెత్తింది. ఎత్తిన చేతులు గాల్లోనే ఉన్నాయి. పియానోలోంచి ఒక స్వరం సన్నగా మోగింది.

"నువ్వేమన్నా తాకినావా?"

"నేనీడ కూచోనుండా గదమ్మా!"

కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టాను. కాగితమంతా టీ రంగు, ఆ ఖాళీ మాత్రం పలచగా, తెల్లగా ఉంది. అందులో ఒక చుక్క నీడ కనిపించింది. పాత గీకుడైతే అదీ రంగు మారి ఉండాలి. చెబితే ఈ మనిషి ఏమైపోతుందో అని భయం. చెప్పకపోతే మా నాయన కూతుర్నే కాను.

"ఈడ చుక్క ఉండాది. ఎవరో కొత్తగా గీకినారు."

"తాళం నా మెడలోనే ఉండాదే... నాకేమీ గుర్తులేదే పిల్లా" అంటూ ఆమె తన చేతుల్ని తిప్పి చూసుకుంది. చూపుడువేలి గోటి కింద తెల్లటి కాగితం నుసి. ఇద్దరం చూశాం.

టీచరమ్మ పియానో మీద ఆ చుక్క స్వరం ఒక్కటే నొక్కింది. ఇందాక మోగింది అదే. తర్వాత ఎర్ర పెన్సిలు తీసుకుని అచ్చు ప్రతి అంచున తనే రాసింది: "చేతిరాతలో స్వరం ఉంది. గీకింది నా చేయి."

"తప్పయినా దొరసాని నేర్పింది, నేనట్లే వాయిస్తా" అంది. "కానీ ఉండేదాన్ని లేదనగూడదు."

అలాగే వాయించింది, బతికినన్నాళ్లూ. ఆమె చేతులెత్తిన ప్రతిసారీ ఆ స్వరం మోగేది. ఆమె పక్కన కూర్చుని నేను విన్నాను. ఇప్పుడు ఎక్కడ పియానో ఆగినా, ఆ ఖాళీలోకి చెవి పెట్టకుండా ఉండలేను.

మనవరాలి చేతిలోంచి బ్లేడు తీసుకున్నాను. గీకిన చోట ఆ తప్పునే మళ్లీ రాయించి, ఒప్పును దాని పక్కన రాయించాను.