ఒక్క చాప్టరక్క

మా యూనివర్సిటీ లైబ్రరీలో స్కానింగ్ గది చూసుకునే ఆవిడని పిల్లలంతా ఒక్క చాప్టరక్క అంటారు. కాపీరైట్ చట్టమని ఏ పుస్తకంలోంచైనా ఒక్క చాప్టరే తీసిస్తుంది. కాళ్లావేళ్లా పడినా రెండోది ఇవ్వదు. ప్రొఫెసర్లకూ అదే జవాబు. పక్క కౌంటర్లో కూర్చునే నాకు ఆ మొండితనం చూస్తే ఒళ్లు మండేది.

చూపులేని వాళ్లకు మాత్రం పుస్తకం మొత్తం స్కాన్ చేసివ్వొచ్చు. మా దగ్గర అలాంటి అమ్మాయి ఒకతే ఉంది. కంప్యూటర్ చదువుతుంటే విని చదువుకుంటుంది. స్కాన్‌లో అక్షరాలు తప్పుగా పడితే ఆ కంప్యూటర్ పిచ్చికూతలు కూస్తుంది. అందుకని అక్క ఒక్కో పేజీ సరిదిద్దేది. పని తెమలకపోతే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేది.

ఒక సోమవారం, అలా స్కాన్ చేసిచ్చిన ఒక పుస్తకం వేసిన కంపెనీ మనిషి వచ్చి లైబ్రేరియన్ ముందు ల్యాప్‌టాప్ తెరిచాడు. పుస్తకమంతా ఇంటర్నెట్‌లో ఉంది, పేజీపేజీకీ మా లైబ్రరీ ముద్రతో సహా. లైబ్రేరియన్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ అమ్మాయితో పాటు అక్కనీ నన్నూ పిలిపించాడు.

"నీ ఒక్కదానికే కదా ఇచ్చాం! ఎవరికిచ్చావ్?"

"ఎవరికీ ఇవ్వలేదు సార్, ఒట్టు."

"నిజం చెప్పేదాకా నీకిక పుస్తకాల్లేవు."

"పరీక్షలు నెత్తిమీదున్నాయి సార్..." ఆ పిల్ల చెయ్యి టేబుల్ అంచు కోసం గాలిలో వెతుకుతోంది.

అక్క ల్యాప్‌టాప్ మీదికి వంగి పేజీలు జరుపుతూ పోయింది. సగం దాకా అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, ఆ తర్వాతంతా చెత్త. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ అమ్మాయికి ఇచ్చింది పూర్తిగా సరిదిద్దిన ఫైలు. ఇది పని సగంలో ఉండగా ఇంట్లో ఉన్న ఫైలు. ఆ ఇంట్లో అక్కతో పాటు ఉండేది తన తోబుట్టువు కూతురొక్కతే. ఆ పిల్లదీ ఈ అమ్మాయిదీ ఒకే క్లాసు.

అక్కని పక్కకి లాగి చెవిలో చెప్పాను. "కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది. నోరు మూసుకో తల్లీ."

నా చెయ్యి విదిలించుకుంది.

"సార్, ఈ అమ్మాయిని పంపెయ్యండి. ఇది మా ఇంట్లోంచి పోయింది."

"కంచే చేను మేసిందన్నమాట," కంపెనీ మనిషి నవ్వాడు. వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది నాకు.

లైబ్రేరియన్ గొంతు పెరిగింది. "మీ ఇంట్లో ఎవరు?"

అక్క లైబ్రేరియన్ వైపు తిరిగింది. "మా అక్క కూతురు సార్. పెన్‌డ్రైవ్ టేబుల్ మీద వదిలేసి పడుకున్నది మాత్రం నేనే."

అక్క ఇంట్లో ఉండే ఆ పిల్ల ఈసారి పరీక్షలు రాయకూడదన్నారు. "సొంత పిన్నివేనా నువ్వు?" అని ఆ పిల్ల ఫోన్లో అరిచిన అరుపు నా కౌంటర్ దాకా వినిపించింది. విచారణ తేలేదాకా స్కానింగ్ గదికి తాళం పడింది. నిజం చెప్పి ఏం బావుకుందని నేను లోలోపల తిట్టుకున్నాను.

మర్నాడు చూపులేని అమ్మాయి వచ్చి తాళం తడిమి చూసి అక్కడే నిలబడిపోయింది. అక్క లైబ్రరీ బీరువాలోంచి పరీక్షకి కావాల్సిన పుస్తకం తీసి, ఆ పిల్లని వరండా బెంచీ మీద కూర్చోబెట్టి, పైకి చదవడం మొదలుపెట్టింది. లైబ్రేరియన్ బయటికొచ్చాడు. ఇక చివాట్లు తప్పవనుకున్నాను. ఆయన కాసేపు నిలబడి విని, లోపలికి వెళ్లిపోయాడు.

చాప్టరు అయిపోయింది. అక్క గుక్కెడు నీళ్లు తాగి పేజీ తిప్పింది.