సాలీడుకు దణ్ణం

డ్రాయింగు మాస్టారు నరసింగరావుగారికి సాలీడంటే ప్రాణం. ఇంట్లో బూజు దులపనివ్వనంత ప్రాణం. భార్య సుభద్రమ్మ బూజుకర్ర ఎత్తితే చాలు, పాఠం మొదలయ్యేది. కాళహస్తిలో శివుడికి గూడల్లి మోక్షం కొట్టేసింది సాలీడే. వేదాంతుల లెక్కలో, జగత్తును తనలోంచి తీసి మళ్లీ తనలోకే లాక్కునే బ్రహ్మమూ సాలీడే. గ్రీకుల కథలో నేతపనిలో దేవతతోనే పోటీకి దిగిన పిల్ల సాలీడైపోయింది. ఆఫ్రికాలోనైతే లోకంలోని కథలన్నీ దాని సొత్తేనట.

"అన్ని దేశాలూ తిరిగి సివరికి మా వంటింట్లోనే కాపరం ఎట్టిందేటి?" అనేది సుభద్రమ్మ. అలాంటి ప్రశ్నలకు పుస్తకాల్లో జవాబులుండవు కనుక మాస్టారు బడికి బయల్దేరేవారు.

బడిలో ఆయన గీసేవి మామిడిపండు, కూజా, మళ్లీ మామిడిపండు. గంట కొట్టగానే ఎవడో ఒకడు బోర్డు తుడిచేసేవాడు. పదిమంది చూసే గోడ మీద, ఎవరూ తుడవని బొమ్మ ఒక్కటి వేసి పోవాలని ఆయన ఆశ. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో పొందూరు పక్క పల్లెలో నేతగాళ్ల సంఘానికి కొత్త భవనం లేచింది. ప్రెసిడెంటు జగన్నాధంగారు. నేతగాళ్లకు నూలమ్మేదీ ఆయనే, నేసిన బట్ట కొనేదీ ఆయనే, రెండింటికీ ధర కట్టేదీ ఆయనే. అంత కష్టం ఒక్కరే పడుతున్నారు కదా అని ప్రెసిడెంటు పదవి కూడా ఆయనకే ఇచ్చారు. గోడ మీద నేతకు తగిన బొమ్మేదైనా వెయ్యమని మాస్టారికి కబురు పెట్టారు.

ఇంకొకరైతే రాట్నం వేసి ఇంటికిపోయేవారు. మాస్టారు సాలీడును వేశారు. గోడంత గూడు, దాని నడుమ ఎనిమిది కాళ్లూ చాపుకుని, మంచి బొజ్జతో సాలీడు. ఈగలు లేని గూడు సహజంగా ఉండదని నాలుగు ఈగల్ని కూడా తగిలించారు. కళాకారుడికి నిజాయితీ ఎక్కువైతే ఇదే చిక్కు.

వాలుగచేప దవడతో పత్తి దువ్వే దానమ్మ పని ఆపి చూడవచ్చింది.

"ఏటి మాస్టారూ ఇది?"

"మీరేనమ్మా! నేతకి ఆదిగురువు, సాలీడు."

దానమ్మ తల అటూ ఇటూ వంచి చూసింది. "మాం నేసిన గుడ్డలో ఎవులూ సిక్కుకుని సావరు కద బావూ. ఇది నడిమిన కూకుని వచ్చినోడిని వచ్చినట్టు పీల్సేస్తన్నాది. మాం ఆ ఈగలం. ఈ బొజ్జాయన ఎవులో మాకు తెల్దేటి?"

దానమ్మ నవ్విన నవ్వు మగ్గం నుంచి మగ్గానికి పాకింది. మాస్టారు వెనక్కి తిరిగి బొమ్మను మళ్లీ చూసుకున్నారు. ఆ బొజ్జ ఎవరిని చూసి గీశారో ఆయనకే తెలియదు.

సాయంత్రానికి నవ్వు జగన్నాధంగారి చెవిన పడింది. ఆయన సున్నం బాల్చీ పట్టిన కూలీని వెంటబెట్టుకుని వచ్చారు.

"మాస్టారూ, ఇది నానే అంటన్నారు. ఏటిదో తిన్నగా సెప్పండి. నేదంటే సున్నం కొట్టించేస్తాను."

మాస్టారి బతుకులో ఆయన బొమ్మకు అర్థం అడిగిన పెద్దమనిషి ఈయనొక్కరే. కాళహస్తి, వేదాంతం, గ్రీకులు, ఆఫ్రికా అన్నీ నాలుక చివరకు వచ్చి నిలబడ్డాయి. కూలీ కుంచె ముంచాడు.

"సూర్యుడండి," అన్నారు మాస్టారు. "అరసవల్లి స్వామి. అవి కాళ్లు కావు, కిరణాలు. ఇంకా పూర్తి కాలేదు."

జగన్నాధంగారు గబుక్కున చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. దీపాలు పెట్టేలోగా సాలీడుకు కళ్లూ మీసాలూ వచ్చాయి, ఒళ్లు ఎర్రబడింది. గూడు వెలుగైంది, ఈగలు తామరమొగ్గలయ్యాయి. బొజ్జను మాత్రం ముట్టుకోలేదు, సూర్యబింబం గుండ్రంగానే ఉండాలి కదా!

అప్పటినుంచి ప్రెసిడెంటుగారు రోజూ పొద్దున్నే వచ్చి ఆ గోడకు చేతులు జోడించేవారు. వెనక నేతగాళ్లు తువ్వాళ్లు నోట్లో కుక్కుకునేవారు. మాస్టారు మాత్రం ఆ వీధికే పోవడం మానేశారు.

ఒకనాడు సంతలో దానమ్మ ఎదురుపడింది.

"తన బొమ్మకి తానే దణ్ణం ఎట్టుకునే సావుకారిని మాం ఎక్కడా సూడనేదు మాస్టారూ. ఏ మాటకామాటే, సాలీడుని బలే గీసినారు బావూ!"

ఆయన గీసిన బొమ్మను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. మాస్టారి కళ్లు చెమ్మగిల్లాయి, గుండె నిండిపోయింది. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశారు.

"సాలీడేమిటమ్మా?" అన్నారు. "సూర్యుడు."