మొహమాటం లేని మనిషి

గుండె ఆపరేషన్‌కి హైదరాబాద్ వెళ్ళక తప్పదని తేలాక, ఆపరేషన్ కంటే పెద్ద బెంగ నన్ను పట్టుకుంది. రాజమహేంద్రవరంలో మా ఇంటి కింది వాటాలో నేనూ చెల్లెలూ ఉంటాం. వయసు యాభై దాటినా దానిది పసిపిల్ల మనసు. పై వాటా అద్దెతోనే దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆయమ్మకి జీతం ఇస్తున్నాను. నేను లేనప్పుడు ఇల్లూ, బ్యాంకు పనులూ ఎవరో ఒకరు చూడాలి. ఎవరికి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి?

తమ్ముడికే అని అందరూ అనుకున్నారు. వాడూ అనుకున్నాడు. బంగారం లాంటి మనిషి, నా భయమంతా అందుకే. ఎవరైనా గుమ్మంలో నిలబడి రెండుసార్లు అడిగితే కాదనలేడు. పెళ్ళి పనులకని ఎవరో వాడి మోటారుసైకిలు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వకపోతే, అడగలేక వాడుండే తణుకులో ఆటోల్లోనే తిరిగాడు. రేపు ఏ చుట్టమో వచ్చి, “ఆవిడని ఏదైనా హోమ్‌లో పెట్టి, ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేద్దాం బావా” అంటే? మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది, పూర్తిగా రాయడానికి నాకు సిగ్గు.

వాడి భార్యకి, అంటే నా మరదలికి, ఆ జబ్బు లేదు. వచ్చినవాళ్ళని “భోంచేసే వచ్చారుగా?” అని అడిగే మనిషి. మా వాళ్ళెవరికీ ఆమె గిట్టదు. నాకూ అంతంతమాత్రమే.

ముగ్గురం దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్ళాం. తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆధార్ కార్డూ ఫోటోలూ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

“ఎవరి పేరు రాయమంటారండి?”

నేను బల్ల మీది కాయితాలు సర్దాను. మొహమాటం మా ఇంటి జబ్బే కదా. చివరికి తమ్ముడి వైపు చూడకుండానే, “మా మరదలి పేరు రాయండి” అన్నాను.

వాడు ఫోటోలు జేబులో పెట్టుకుని, “అదే మంచిదిలే అక్కా” అన్నాడు. ఆ మాట కూడా మొహమాటానికే అన్నాడని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

మరదలు సంతోషించనూ లేదు, వద్దననూ లేదు. “ఆవిడ పోతే ఈ కాయితం చెల్లుతుందాండీ?” అని ఆయన్ని అడిగింది. ఆయన నా వైపు ఇబ్బందిగా చూసి, చెల్లదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

“అయితే వీలునామా కూడా రాసెయ్యండి వదినగారూ. ఆపరేషన్‌లో మీకేమన్నా అయితే దీంతో నేనేం చెయ్యలేను. చిన్నొదినని ఎవరు చూడాలో అందులో రాయండి.”

నేను పోవచ్చునన్న మాట డాక్టరు కూడా నా మొహం మీద అనలేదు.

“ఎవర్ని రాయమంటావు?” అన్నాను.

“నన్నే రాయండి,” అంది. “ఇంకెవరు చూస్తారు?”