నాలుకకు అంటని పింగాణి

పింగాణిని నాకుడు గూడ ఒక నౌకరేనా అంటే, నౌకరే. నాలుగేండ్లు చేసిన. చొప్పదండి దాటినంక ఒక చిన్న భట్టీల, మరమగ్గాల మీద దారం దూరి పారే తెల్ల పింగాణి కన్నాలు తయారు చేస్తుండిరి. గోరంత ఉంటయి. భట్టీలకెళ్లి తీసినంక ఒక్కోటి నాలుకకు తాకిచ్చి చూడాలె. అంటుకుంటే సరిగ్గ కాలనట్టు, పక్కకు పడెయ్యాలె. అంటకుంటే పాస్. పొద్దూకేదాంక గదే పని. ఇంటికొచ్చి బువ్వ ముందట కూసుంటే నోట్ల మట్టి వాసనే, రోత పుడుతుండె.

ఒకనాడు సేటు ఎవరిదో పెండ్లి దావత్‌కు పోయిండు. ఆయన చెప్పందే మంట తగ్గిచ్చే ధైర్యం ఎవ్వరికి లేదు. ఫోన్ ఎత్తడు. పొద్దుగాల్నే తగ్గిచ్చాల్సిన మంట మాపటిదాంక గట్లనే మండింది. తీస్తే సరుకు తళతళ మెరిసింది. నాకు అనుమానమొచ్చి ఒకటి పగలగొట్టిన. మంచిగ కాలినదైతే విరిగినకాడ నున్నగ, పాల లెక్క ఉంటది. గిది చక్కెర లెక్క పలుకులు పలుకులుగ మెరిసింది. పింగాణి లోపలంత సన్న పలుకులే. వేడిల ఎక్కువసేపు పెడితే పెద్ద పలుకు పక్కనున్న చిన్నదాని గట్టు జరుపుకుంట జరుపుకుంట దాన్నే మింగేస్తది. ఊళ్లె బలిసినోళ్లు చేసే పనే. ఇగ గా పెద్ద పలుకుల నడుమ పట్టుండదు. దారం రాసుకుంటే పలుకుకు పలుకే ఊడి గుంత పడతది, గుంత అంచు దారాన్ని కోస్తది.

గిదంత సేటుకు జెప్పిన. దావత్ కూర వాసన ఇంక పోలే ఆయన నోట్లకెళ్లి. తేన్పు తీసి, "నాలుకకు అంటుతలేదు గద, పాస్ జెయ్యి" అన్నడు. చేసిన. థూ, నా బతుకు. ఎక్కువ కాలింది గూడ నాలుకకు అంటదని ఎరికుండి, ఒక్కోటి నాకి ఒక్కోటి పాస్ చేసిన.

మా బాపు కరీంనగర్ల సాంచెలు నడుపుతుండె, అంటే గవే మరమగ్గాలు. రెండు నెలలకు ఆయన సాంచె మీద దారం ఊకె తెగుడు మొదలైంది. సాంచెల ఆసామి, "నీకు కండ్లు కనవడ్తలేవు, ఇగ కండెలు చుట్టు" అని బాపును సాంచె కాడికెళ్లి తీసేసిండు. ముప్పై ఏండ్లు సాంచె నడిపిన మనిషి. తన కండ్లే పోయినయని బాపు గూడ నమ్మిండు, దవాఖానకు పోయి చూపిచ్చుకొని కండ్లల్ల ఏసే మందు తెచ్చుకున్నడు. బువ్వ ఇయ్యవోయి నేను గా సాంచె కన్నం మీద గోరు గీరి చూసిన. గరుకు. మా భట్టీదే. చెప్తే నౌకరి పోతదని చెప్పలే. నాలుగు దినాలు కడుపుల పెట్టుకొని తిరిగిన. నన్ను జూస్తే నాకే అసయ్యమేసింది.

ఐదో దినం పోయి ఆసామి ముందటనే కన్నం ఊడదీసి, పగలగొట్టి చూపిచ్చిన. నేనే పాస్ చేసిన అని చెప్పిన. ఆయన బాపును మల్ల సాంచె కాడికి పొమ్మన్నడు. బాపు లేవలే. చేతుల కండె పట్టుకొనే, "నీకు ఎప్పటిసంది ఎరుక బిడ్డా?" అని అడిగిండు.

"నాలుగు దినాలాయె బాపు."

"పొద్దుగాల నా కండ్లల్ల మందేసింది గూడ నువ్వే గద."